వేళకందని వేతనము

ఇంటర్మీడియేటు పరీక్షాఫలితములు మన రెండు తెలుగు రాష్ట్రములందును ఇటీవలి సంవత్సరములలో ఏప్రిలు మాసముననే వెల్లడియగుచున్నవి. నాటినుండి కళాశాలలలో ప్రవేశములు ముగియువఱకు, మంచి మార్కులు తెచ్చుకొనిన బిడ్డగల ప్రతి బీదయింటను ఒకే ప్రశ్న మెదలుచుండును. పిల్ల చదువగలదా యనునది కాదు ఆ ప్రశ్న. దానిని మార్కులపట్టీయే తేల్చివేసినది. సర్కారువారి ప్రతిభావేతనము దొరకునా, దొరకినచో ఎన్నడు దొరకును, అంతవఱకు ఫీజు కట్టువారెవరు అనునదియే వారి చింత. దీనికి సమాధానము ఆ మాసములలో ఎవ్వరును చెప్పజాలకున్నారు. వేతనము మొత్తమునుగూర్చి శాసనసభలలోను పత్రికలలోను చర్చ జరుగుచునే యున్నది. అది చేతికందు తేదీనిగూర్చి చర్చించువారు అరుదు. మా యభిప్రాయమున తేదీయే మొత్తముకన్న ముఖ్యము.

కేంద్రప్రభుత్వమువారు కళాశాలా విద్యార్థులకొసగు ప్రతిభావేతనమునే తీసికొందము. పండ్రెండవ తరగతి పరీక్షలో తమ బోర్డువారిలో నూటికి ఎనుబదిమందిని మించిన స్థానము సంపాదించినవారు దీనికి అర్హులు. కుటుంబాదాయము సాలుకు 4,50,000 రూపాయలు దాటరాదు. దేశము మొత్తముమీద ఏటేట 82,000 క్రొత్త వేతనములు. అందు సగము బాలికలకు. 18 మొదలు 25 ఏండ్ల వయస్సువారి సంఖ్యనుబట్టి వీనిని రాష్ట్రములకు పంచి, విజ్ఞానశాస్త్ర, వాణిజ్య, మానవీయశాస్త్ర శాఖలకు 3:2:1 వంతున విభజింతురు. పట్టపుచదువు మొదటి మూడేండ్లును సాలుకు 12,000 రూపాయలు, పైచదువున 20,000. సొమ్ము నేరుగా విద్యార్థి బ్యాంకుఖాతాలో పడును, నడుమ దళారి లేడు. ఏర్పాటు చక్కనిదే, దానిని కల్పించినవారిని నిందింప మాకు కారణము లేదు. 1961-62లో జాతీయ ప్రతిభావేతనములు నెలకొల్పిన నాటినుండియు, తెలివిగల బిడ్డ లేమివలన చదువు మానరాదని స్వతంత్రభారతము వాగ్దానము చేయుచునే యున్నది.

అయినను ఒక విచిత్రమును పాఠకులు గమనింపవలెను. ఈ వేతనమునకు అర్జీ పెట్టుకొనుటకు ముందే విద్యార్థి కళాశాలలో చేరియుండవలెను. చేరుటకు ఫీజు కట్టవలెను. ఆ ఫీజునకు తోడ్పడుటకే వేతనము! జాతీయ వేతనముల పోర్టలునందు అర్జీల గడువు సాధారణముగా అక్టోబరు చివరివఱకు సాగుచున్నది. పిమ్మట కళాశాలవారు సరిచూడవలెను, వారిపైన బోర్డువారు, అటుపైన జాబితా, జాబితా వెనుక సొమ్ము. ఏ కళాశాలలో చేర్పవలెను, పట్టణమున వసతిగృహమునందుంచగలమా, ఊరిచెంత నున్న చిన్న కళాశాలతో తృప్తిపడవలెనా, అసలు చదివింపవలెనా యను నిర్ణయములన్నియు వర్షాకాలముననే జరిగిపోవును. వానికి ఆధారము కావలసిన వార్త మఱుసటి సంక్రాంతికో, ఉగాదికో, కొందఱకు అంతకును వెనుకనో వచ్చును. పెండ్లియైన పిదప జాతకములు చూచినట్లున్నది.

నూటికి ఎనుబది దాటినంతమాత్రమున వేతనము వచ్చితీరునని కూడ లేదు. అర్హులు వేఱు, ఎన్నికైనవారు వేఱు. రాష్ట్రమునకును శాఖకును కేటాయించిన సంఖ్య నిండినచోట గీత పడును. ఆ గీత ఎక్కడ పడునో తండ్రికి తెలియదు, చదువు చెప్పిన అధ్యాపకునకును తెలియదు. పోర్టలు తెఱచినచో అర్జీ ఏ మెట్టున నిలిచినదో కనబడును. ఎన్నడు తేలునో కనబడదు.

నిరీక్షణ అందఱకు నొక్కటి కాదు. సొంత మాగాణి గలవారు ధాన్యమమ్మియో, బ్యాంకులో బంగారముంచియో ఫీజు కట్టుదురు. వేతనము వచ్చినచో మేలు, రానిచో ముంపు లేదు. కౌలురైతు సంగతి అట్లు కాదు. జూలై, ఆగస్టు మాసములు వానికి నారుమళ్లు, దమ్ములు, నాట్లు, ఎరువులు, కూలీలు గల కాలము. క్రిందటి పంటసొమ్ము మక్తాకును పాతయప్పునకును పోయినది, క్రొత్తపంట నేలలోనున్నది. సరిగా అప్పుడే కళాశాల ఫీజు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మన గ్రామములందు న్యాయమైన వడ్డీగా చెల్లుబాటగుచున్నది. జూలైలో 12,000 రూపాయలు అప్పు తెచ్చి, వేతనము మార్చిలో చేతికి వచ్చినదనుకొందము. ఎనిమిది మాసములకు వడ్డీ 1,920 రూపాయలగును. మూడు రూపాయల వడ్డీయైనచో 2,880. జాతి ధనాగారమునుండి విద్యార్థికని వెడలిన సొమ్ములో రమారమి నాలుగవవంతు వడ్డీవర్తకుని పెట్టెలో పడినదన్నమాట. బడ్జెటు పద్దులలో ఈ లెక్క ఎచ్చటను కానరాదు.

సొమ్ముకన్న మించిన నష్టము మఱియొకటి కలదు. ఆడపిల్ల విషయమున ఒక జూలైలో 'ఈ యేటికి ఆగుదము' అనుకొనిన యిల్లు మఱుసటి జూలైకి సంబంధములు వెదకుచుండును. కొడుకునకు అప్పుచేసియైనను ఫీజు కట్టు తండ్రియే కూతురునకు 'వేతనము రానిమ్ము, చూతము' అనును. వాడు దుర్మార్గుడై యిట్లనుటలేదు. నిలుకడలేని సొమ్మును నమ్ముకొని ఎవరి చదువును నిలుపవలెనని వచ్చినపుడు, ఆ భారము మన యిండ్లలో ఆడపిల్లమీదనే పడుచున్నది. వేతనములలో సగము బాలికలకు ప్రత్యేకించిన ప్రభుత్వము ఆ సగమును వేళకు ప్రకటింపకున్నచో, ఒక చేతితో నిచ్చి మఱియొక చేతితో తీసికొనినట్లే.

శ్రీనివాస రామానుజన్ కథలో నిందుకు తగిన పాఠము కలదు. ఆయన 1904లో కుంభకోణము ప్రభుత్వకళాశాలలో వేతనముతో చేరి, గణితము తప్ప తక్కిన విషయములను విడిచినందున దానిని పోగొట్టుకొనెను. 1905లో ఇల్లు విడిచి మన విశాఖపట్టణమునకు వచ్చెను. ఆయన యిచ్చటికి వచ్చుటకు వెనుక పోయిన వేతన మొకటి కలదని మనవారిలో కొందఱే యెఱుగుదురు. కాని మాకిక్కడ ముఖ్యమైనది 1913 నాటి సంగతి. ఆ యేట ఫిబ్రవరిలో భారత వాతావరణశాఖాధిపతి గిల్బర్టు వాకరు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఆయనను సిఫారసు చేయుచు లేఖ వ్రాసెను. పరిశోధకవేతనమునకు ఎం.ఏ. పట్టము కావలెనని నియమము. రామానుజన్‌కు ఏ పట్టమును లేదు. విశ్వవిద్యాలయమువారు ఆ నియమమును ప్రక్కకు పెట్టి, మే మొదటి తేదీనుండి నెలకు 75 రూపాయలు మంజూరు చేసిరి. మూడు మాసములు నిండలేదు. పరప్రభుత్వపు దినములలో, టపాబండ్లతోను చేతివ్రాత కాగితములతోను జరిగిన పని యిది. ఒక్కనికి చేయుట వేఱు, లక్షలమందికి చేయుట వేఱని అనవచ్చును. కాని లక్షలమంది జవాబుపత్రములను దిద్ది ఏప్రిలులో ఫలితములు ప్రకటించుచున్న బోర్డులే మనకున్నవి గదా!

సరిచూచుట అనవసరమని మేమనుట లేదు. 2023లో కేంద్ర అల్పసంఖ్యాకవర్గముల మంత్రిత్వశాఖవారు తమ వేతనములు పొందుచున్న 1,572 సంస్థలను పరీక్షింపగా 830 బోగస్సువని తేలినది, విచారణ సీ.బీ.ఐ.కి అప్పగింపబడినది. లేని బడిపేరిట లేని పిల్లలకు జాతి సొమ్ము పోవుటకు ఎవరును సమ్మతింపరు. అయితే ఆ మోసము పుట్టినది సంస్థలయొద్ద. ప్రతిభావేతనమునకు ప్రధానాధారమైన మార్కులు బోర్డువారి సొంత దస్త్రములలోనే యున్నవి. అర్హుల పట్టికలను బోర్డులు ఇప్పుడును సిద్ధపఱచుచునే యున్నవి. ఇక కావలసినది ఆదాయపత్రమొక్కటి. దానిని కళాశాలలో చేరినపిదపనే ఏల అడుగవలెను? ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరపు విద్యార్థి శీతకాలమున పరీక్షఫీజు కట్టునపుడే, తాసిల్దారిచ్చిన ఆదాయపత్రమును తన కళాశాలయందే దాఖలు చేయవచ్చును. ఆ పని అప్పుడే ముగిసినచో, ఫలితముల నాడే బోర్డువారు గీత గీయగలరు. 'నీకు వేతనము కలదు. గుర్తింపుగల కళాశాలలో చేరిన నిదర్శనము పంపిన వెంటనే సొమ్ము ఖాతాలో పడును' అను నొక్క వాక్యము మార్కులపట్టీతో గూడ చేతికందినచో, ఆ యిల్లు జూలైలో చేయు నిర్ణయము వేఱుగా నుండును. రానివారికి రాదనియు నాడే తెలియును. ఆశపెట్టి త్రిప్పుటకన్న లేదనుట మేలు.

అమెరికాలో మన తెలుగువారి పిల్లలును చదువుచున్నారు గనుక అచ్చటి పద్ధతి పలువురెఱిగినదే. పెక్కు కళాశాలలు తామిచ్చు సహాయమును విద్యార్థికి ముందు తెలిపి, చేరుదువో లేదో మే 1 లోపల చెప్పుమని యడుగును. 2024లో అచ్చటి ప్రభుత్వము సహాయపు దరఖాస్తును మార్చుటలో తీవ్రమైన ఆలస్యము జరిగినది. అప్పుడు అనేక కళాశాలలు మే 1 గడువును తామే వెనుకకు జరిపినవి. ఆ దేశపు ఫీజులను మేము మెచ్చుకొనుట లేదు. వార్త ఆలస్యమైనపుడు గడువే జరుగవలెను గాని పిల్ల జరుగరాదను న్యాయమును మాత్రము మెచ్చుకొనుచున్నాము. మన విశ్వవిద్యాలయములు తమ యనుబంధ కళాశాలలకు ఒక్క ఉత్తరువుతో ఈ న్యాయమును విధింపవచ్చును. వేతనపు అర్జీ తేలువఱకు ఆ విద్యార్థినుండి ఆ మేరకు ఫీజు నడుగరాదని చెప్పిన చాలును.

ప్రతిభతో నిమిత్తములేని ఫీజుల తిరుగుచెల్లింపు సంగతి వేఱొక పెద్దకథ. 2025 నవంబరులో తెలంగాణమున ప్రైవేటు కళాశాలలు బకాయిలకై తలుపులు మూసికొనిన విషయము పాఠకులు మఱచియుండరు. అచ్చటను తగవు వేళను గూర్చినదే.

ప్రభుత్వము కదలువఱకు మనము చేయదగినది లేకపోలేదు. 1910లో మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయకళాశాల నిలిచినపుడు, 1918లో హైదరాబాదున రెడ్డి వసతిగృహము వెలసినపుడు, దాతలు సర్కారు జాబితాలకై కూర్చుండలేదు. నేడును మన ఊళ్లలో దానము చేయువారున్నారు. ఆర్చీలకును అరుగులకును పేర్లు చెక్కించుకొనుచునే యున్నారు. ఒక గ్రామమున పదిమంది విద్యార్థులకు 12,000 చొప్పున జూలైలో వడ్డీలేక అప్పిచ్చుటకు 1,20,000 రూపాయలు చాలును. వేతనము వచ్చినవారు తిరిగి చెల్లింతురు; రానివారు చదువు ముగించి సంపాదనలో పడినపిదప వాయిదాలమీద తీర్చుకొందురు. కొంత రాకపోవచ్చును. రైతుసంఘమునకు మనమిచ్చు చేబదుళ్లలో కొంత రాకపోవుట లేదా? ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరమున ఎవరు చక్కగా చదువుచున్నారో ఊరి అధ్యాపకులకు ఇప్పుడే తెలియును. ఆ పేర్లు తెలిసికొని, వచ్చు ఏప్రిలులోపల సొమ్ము సొసైటీఖాతాలో చేర్చియుంచిన చాలును.