వల మనది, వంట మనది, పడవ ఎవరిది?

చల్లపల్లి: తెరచాప పడవ మీద తీరం వెంట నాలుగైదు రోజులు తిరుగుతూ, ఆగిన ప్రతి రేవులో అక్కడి వంట తిని, అక్కడి చరిత్ర విని వెళ్ళే యాత్రలకు గ్రీసు, టర్కీ, క్రొయేషియా దేశాల్లో మంచి గిరాకీ వుంది. మన దేశంలో కేరళ యీ దారి పట్టి మూడు దశాబ్దాలు దాటింది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే దివిసీమలో అలాంటి యాత్రకు కావలసిన నీరు, చేప, చరిత్ర మూడూ వున్నాయి. ఐతే ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. అలాంటి యాత్ర వస్తే, ఆ డబ్బు పడవ యజమాని దగ్గరే ఆగుతుందా, లేక నాగాయలంక, కోడూరు మండలాల్లో పొయ్యి రాజేసే మత్స్యకార మహిళ చేతి దాకా వస్తుందా?

మంచి పీత ఊరు దాటుతోంది

నాగాయలంక పరిసరాల పాయల్లోనూ, చెరువుల్లోనూ దొరికే మండపీతకు విదేశాల్లో గిరాకీ వుంది. బతికి వుండగానే డెక్కలు తాడుతో కట్టి, బుట్టల్లో పేర్చి చెన్నై పంపుతారు. అక్కడి నుంచి విమానం ఎక్కుతుంది. బరువు తూగి, డెక్క తెగని పీతకే ధర. డెక్క తెగినది, లోపల కండ లేనిది ఊరి కూరలోకి మిగులుతుంది. చెరువు రొయ్య సంగతీ అంతే. గట్టు మీదే తూకం, గట్టు మీదే బేరం. అంటే మన తీరం పచ్చి సరుకు అమ్ముతోంది. వండి వడ్డించిన మీద వచ్చే లాభం మరో ఊరి హోటలుది, మరో దేశపు హోటలుది.

ఇక్కడ వండేవారు లేక కాదు. చింతకాయ వేసిన మెత్తళ్ళు, మామిడికాయతో ఎండురొయ్యలు, గోంగూర రొయ్యలు, బొమ్మిడాయిల పులుసు, పండుగప్ప ఇగురు - ఏ కాలంలో ఏది రుచో, ఏ చేపకు ఎంత పులుపు పట్టాలో యీ ఊళ్ళ ఆడవారికి ఒకరు నేర్పనక్కరలేదు. ఇసుక మీద చేప ఎండబెట్టి, గంపకెత్తి సంతలో అమ్మేదీ వారే. ఆ పనితనానికి యిప్పటిదాకా ధర కట్టినవారు లేరు.

చల్లపల్లి చుట్టూ చరిత్ర

చల్లపల్లికి పొరుగునే వున్న ఘంటసాల ఒకప్పుడు ఓడ వ్యాపారానికి పేరుపడిన చోటు. క్రీస్తుశకం 2వ శతాబ్దిలో టాలెమీ పేర్కొన్న కంటకోస్సైల యీ ఊరేనని చరిత్రకారులు గుర్తించారు. అక్కడ దొరికిన ప్రాకృత శాసనాల్లో ‘మహానావికుడి’ ప్రస్తావన వుంది. తర్వాత ఆ వైభవం బందరుకు దక్కింది. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు ఓడలు పెగూ, అచే, మోఖా రేవుల దాకా పోయి వచ్చేవి. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ దిగారు. అద్దకం బట్టల కోసం అంత దూరం వచ్చారు.

పరాయివారు వచ్చి మన వంటలో మిగిల్చి వెళ్ళినదీ వుంది. చేపల పులుసుకు ఎర్రదనం తెచ్చిన మిరపకాయ మనదేశానికి పోర్చుగీసువారి ఓడల్లో వచ్చింది. అంతకు ముందు కారానికి మిరియమే గతి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డు వెనుక ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన బొందిలీల చేతి పనితనం వుందని చెబుతారు. శనగపిండి పూసను దంచి, పాకం, నెయ్యి కలిపి మళ్ళీ రోట్లో తొక్కితేగాని ఆ లడ్డు తయారుకాదు. గోధుమపాలు బెల్లంతో గంటల తరబడి కలియబెట్టే నల్ల హల్వా మరొకటి.

ఘంటసాల మ్యూజియం, శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువు ఆలయం, క్షేత్రయ్య మొవ్వ, కూచిపూడి, బందరు మిఠాయి - ఇవన్నీ ఒక రోజు ప్రయాణంలోవే. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ పాయల వెంట నాగాయలంక, ఎదురుమొండి, హంసలదీవి మరో రెండు రోజులు. ఈ రెండు దారులకూ కూడలి చల్లపల్లి.

కేరళ చెప్పే పాఠం

కేరళలో యిప్పుడు యాత్రికులు తిరిగే ఇంటిపడవలు పూర్వం బియ్యం మోసిన కెట్టువళ్ళాలే. లారీలు వచ్చి పనిలేక మూలపడిన పడవలకు 1990 దశకంలో గదులు, వంటిల్లు అమర్చి అలప్పుళలో కొత్త బతుకు యిచ్చారు. కృష్ణా డెల్టా కాలువల్లోనూ ధాన్యం పడవలు నడిచాయి. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగగా బెజవాడ చేరేవి. రోడ్లు పడ్డాక అవి కాలువల మీంచే మాయమయ్యాయి. వాటికి రెండో బతుకు ఎవరూ యివ్వలేదు.

కాగా కేరళలో నష్టమూ లేకపోలేదు. పడవల సంఖ్య మితిమీరి, చమురు, మురుగు వేంబనాడ్ సరస్సులో కలిసి, అదే నీటిలో చేప పట్టుకునేవారికి కష్టం తెచ్చాయి. చేపను చూపి పిలిచిన వ్యాపారమే చేపకు ముప్పు తెస్తే అంతకన్నా తెలివితక్కువ పని వుండదు. మన పాయల దగ్గర వున్నది మడ అడవి. అందులో చాలా భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. రొయ్యపిల్ల, పీతపిల్ల పెరిగేది ఆ మడ వేళ్ళ సందునే. అడవి తరిగితే వలా ఖాళీ, పళ్ళెమూ ఖాళీ.

ప్రాణం ముందు, రుచి తర్వాత

పడవ మాట ఎత్తితే రెండు తేదీలు మరువరానివి. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం నాడు ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. ఆ పడవకు అనుమతి లేదని తర్వాత తేలింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన లాంచీ వరద గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగి సుమారు యాభై మందిని బలిగొంది. లాంచీలో టిఫిను, భోజనం పెట్టే యాత్ర తెలుగువారికి కొత్త కాదు; జాకెట్టు తొడిగించి, మనుషుల లెక్క చూసి పంపే క్రమశిక్షణే కొత్త.

సముద్రం సంగతి దివిసీమకు వేరే చెప్పనక్కరలేదు. 1864లో బందరును, 1977 నవంబరు 19న సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి పల్లెలను ఉప్పెన ముంచింది. కనుక అక్టోబరు, నవంబరు నెలలు యాత్రకు పనికిరావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం. మిగిలిన అనువైన కాలం డిసెంబరు నుంచి మార్చి. సంక్రాంతి పిండివంటలు, హంసలదీవి మాఘ పౌర్ణమి స్నానాలు ఆ రోజుల్లోనే. తాబేళ్ళు గుడ్లు పెట్టేదీ అప్పుడే. రాత్రిళ్ళు తీరాన దీపాలు, మైకులు పెట్టకూడదు.

చేయవలసినవి

పడవ నడిపే హక్కును బయటి కాంట్రాక్టరుకు వేలం వేసే ముందు మత్స్యకార సహకార సంఘాలకు యివ్వజూపాలి. పాయల పోటు, పాటు, మేట తెలిసిన సరంగులు వారిలోనే వున్నారు. పడవలో వంట పెట్టకుండా, రేవు ఊళ్ళో డ్వాక్రా సంఘాల చేత వండించి వడ్డించాలి. అలా చేస్తే పడవకు నిప్పు భయం తప్పుతుంది, భోజనం డబ్బు ఊళ్ళో మిగులుతుంది. వంటకం పేరు, ధర తెలుగులో బోర్డు మీద రాయాలి. ఊరి పీతను ఊరి ధరకే ముందు సంఘం కొనాలి. ఎన్ని పడవలు తిరగాలో అటవీ, మత్స్య శాఖలు కలిసి హద్దు పెట్టాలి.

చల్లపల్లి వంతు కూడా వుంది. 2014 నుంచి తెల్లవారుజామునే చీపుర్లు పట్టి వీధులు ఊడుస్తున్న స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు యీ ఊరికి తెచ్చిన పేరు చిన్నది కాదు. అన్నం పెట్టే రేవుకు మొదట కావలసింది ఆ శుభ్రతే. ఆ అలవాటు నాగాయలంక, హంసలదీవి రేవులకూ చేరితే యాత్రికుడు రెండోసారి వస్తాడు.

వంద పడవలు రానక్కరలేదు. నాలుగు పడవలు చక్కగా నడిచినా, మంచి పీతను ఊళ్ళోనే వండి, వండిన ధరకు అమ్ముకోవచ్చునని దివిసీమకు తెలుస్తుంది. ఆ పాటి లాభం దక్కని యాత్ర ఐతే, మన పిల్లలు గట్టు మీద నిలబడి ఎవరో తింటుంటే చూడడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.