ముందు ఫోటాన్ని పట్టండి బాబూ, తరవాత ఏఐ సంగతి!

మన సాఫ్టువేరు వాళ్ళకి ఓ జబ్బుంది. ప్రతి సమస్యా చివరికి కోడుతో తీరిపోతుందనుకోవడం. "ఎక్స్‌రే డిటెక్టరు మీద అంత ఖర్చెందుకండీ? నాసిరకం బొమ్మ ఇచ్చినా ఏఐ శుభ్రం చేసేస్తుందిగా" అన్నాడు మొన్నొకాయన. చుట్టూ ఉన్న నలుగురూ తలూపారు. నాకు ఒళ్ళు మండింది.

లెక్క చూద్దాం. ఎక్స్‌రే ఫోటాన్లు వాన చినుకుల్లా పడతాయి. ఒక పిక్సెల్లో సగటున 100 పడితే, వాటి సహజమైన హెచ్చుతగ్గు 10, అంటే వర్గమూలం. ఇది ప్రకృతి వేసే పన్ను, ఎవరూ తప్పించుకోలేరు. దానికి మన ఎలక్ట్రానిక్స్ ఇంకో 10 ఫోటాన్లంత నాయిస్ కలిపిందనుకోండి. మొత్తం 20 కాదు, 14 అవుతుంది. అయినా సరే, మొదటి స్పష్టత మళ్ళీ రావాలంటే 100 బదులు దాదాపు 162 ఫోటాన్లు కావాలి. ఆ అదనపు 62 శాతం ఎవరి ఒంట్లోంచి వెళ్ళాలి? మీ సర్వర్లోంచి కాదు కదా!

ఛాతీ ఎక్స్‌రేలో ఫోటాన్లు దండిగా ఉంటాయి, అక్కడ ఈ నాయిస్ పెద్దగా లెక్కలోకి రాదు. అసలు చిక్కంతా యాంజియోప్లాస్టీ లాంటి చోట. సెకనుకి 15, 30 ఫ్రేములు, నిమిషాల తరబడి. ఒక్కో ఫ్రేముకి దక్కేది కాసిని ఫోటాన్లే. రోగి సంగతి సరే, డాక్టరూ టెక్నీషియనూ సీసపు ఏప్రాన్లు తగిలించుకుని రోజూ అక్కడే నిలబడాలి.

ఇక వేగం. 1024 వరుసల ప్యానెల్‌ని సెకనుకి 30 సార్లు చదవాలంటే ఒక్కో వరుసకి దక్కేది సుమారు 33 మైక్రోసెకన్లు. తొందరపడితే యాంప్లిఫయరు బ్యాండ్‌విడ్త్ పెంచాలి, దాంతోపాటు నాయిసూ పెరుగుతుంది. రెండుసార్లు కొలిచి తేడా తీస్తే నాయిస్ తగ్గుతుంది, కానీ టైమేదీ? పైగా అమార్ఫస్ సిలికాన్ ప్యానెళ్ళలో పాత ఫ్రేము నీడ కొత్తదాంట్లో కాస్త మిగిలిపోతుంది. ఈ పీటముడి విప్పాల్సింది ఎనలాగ్ ఇంజనీరు, పైథాన్ స్క్రిప్టు కాదు.

ఏఐ దండగ అనట్లేదు. సిగ్నలంటూ ఉంటే బాగానే పనిచేస్తుంది. కానీ గుండె రక్తనాళంలోకి తోసే గైడ్‌వైరు మందం 0.36 మిల్లీమీటర్లు. దాని కొస నాయిస్‌లో మునిగిపోయాక మోడలు చేసేది చూడటం కాదు, ఊహించడం. నూతిలో ఉంటేనే కదా చేదలోకొచ్చేది!

2021లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన సీమెన్స్ ఫోటాన్ కౌంటింగ్ సీటీనే చూడండి. కాడ్మియం టెల్లురైడ్ స్ఫటికంలో పడ్డ ఒక్కో ఫోటానూ ఒక్కో పల్సు. ఒక గీత గీసి, దాని కిందున్న ఎలక్ట్రానిక్ నాయిస్‌ని లెక్కే పెట్టరు. అక్కడా వేగమే ప్రాణం. రెండు ఫోటాన్లు మరీ వెంటవెంటనే వస్తే ఒకటిగా లెక్కపడిపోతాయి. ఇదంతా హార్డువేరు చేసిన పని సార్, పైన పూసిన పౌడరు కాదు.

హెల్త్‌కేర్ ప్రాజెక్టుల్లో ఉన్న మిత్రులకి ఒకటే మాట. డెమోలో ముందూ వెనకా బొమ్మలు చూసి చప్పట్లు కొట్టకండి. తక్కువ డోసులో డీక్యూఈ ఎంత, రీడ్ నాయిస్ ఎన్ని ఎలక్ట్రాన్లు, లాగ్ ఎంత శాతం అని అడగండి. జవాబు రాకపోతే, ఆ ఆదా చేసిన ఖర్చుకి బిల్లు రోగి ఒంటి మీద పడుతుందేమోనని అనుమానించండి.

కాదంటారా? లెక్కతో రండి, వాదించుకుందాం.