డిసెంబరులో పుట్టిన పిల్ల

పిల్లల ఈత పోటీల్లో వయసుకు లెక్క డిసెంబరు 31. జనవరిలో పుట్టిన అమ్మాయీ, డిసెంబరులో పుట్టిన అమ్మాయీ ఒకే ఏటివాళ్ళు. పన్నెండేళ్ళప్పుడు పదకొండు నెలలంటే ఎత్తులో, భుజబలంలో ఎంతో తేడా. మన జూనియర్ పోటీల్లో రెండు మూడేళ్ళవాళ్ళను ఒకే గ్రూపులో కలుపుతారు గనుక అది మరీ పెద్దది. ముందు పుట్టినామె ఎదుగుదలకు 'ప్రతిభ' అని పేరు!

ఆస్ట్రేలియా జాతీయ స్థాయి ఈతగాళ్ళపై 2018లో వచ్చిన అధ్యయనం ప్రకారం, వయసు పెరిగేకొద్దీ ఈ ఆధిక్యత తగ్గిపోతుంది. అయితే అందాకా ఆడపిల్లను ఆగనిచ్చేదెవరు? బాలాపూర్‌లో కొడుకు ఓడితే 'వచ్చే ఏడు చూద్దాం' అంటారు. కూతురు ఓడితే గచ్చిబౌలి కొలను దాకా బస్సు ఛార్జీలు దండగంటారు. పెద్దమనిషయితే ఇక ఈత దుస్తులే మాయం. (బడిలో పంతులుగారు వేసిన జూన్ పుట్టినరోజులది మరో కథ.)

పన్నెండేళ్ళకే ఏరివేత మానమనీ, పదహారు దాకా శిక్షణ ఖర్చు భరించమనీ ఈత సంఘాలనూ, ప్రభుత్వాన్నీ మనం గట్టిగా అడగాలి.