పావురమూ, నాలుగు ఆవగింజలూ

రెజిన్ కిట్ అంటే ప్లాస్టిక్ కిట్ లాంటిది కాదండోయ్. మామూలు మోడల్ జిగురుకి అంటుకోదు, సూపర్ గ్లూ కావాల్సిందే. ఒకసారి అతికిందా, ఇక కంట్రోల్-జెడ్ లేదు!

నేను కడుతున్నది ఎట్రిచ్ టౌబే, 1910లో మొదట ఎగిరిన విమానం. జర్మన్‌లో టౌబే అంటే పావురం. పక్కకి తిరగాలంటే పైలట్ తీగలతో రెక్కల చివర్లని వంచేవాడు. నా కిట్‌లో రెక్క ఎవరూ లాగకుండానే వంకరపోయింది :) వేణ్ణీళ్ళలో ముంచి సరిచేశా. ఆ తీగలన్నీ బిగించేసరికి నెల పట్టింది.

తీరా కాక్‌పిట్ దగ్గర ఆగిపోయా. 1911 నవంబర్ 1న లిబియాలో ఇటలీ పైలట్ గవోట్టి ఇలాంటి టౌబేలోంచే నాలుగు గ్రెనేడ్లు చేత్తో కిందికి విసిరాడు. యుద్ధంలో విమానం నుంచి బాంబులెయ్యడం అదే మొదలు. మనవాళ్ళు తీగల లెక్క ఒక్కటి తప్పినా ఊరుకోరు, నేను చూసిన టౌబే మోడల్స్‌లో మాత్రం ఆ గ్రెనేడ్లు లేవు. పావురం అందం చెడుతుందనా? నన్నడిగితే తీగ తప్పడం కంటే ఇదే పెద్ద తప్పు.

1/48 స్కేల్లో గ్రెనేడ్ అంటే ఆవగింజంత. పోపులడబ్బాలోంచి నాలుగు తీసి, రంగేసి, పైలట్ పక్కన అతికించా. "అసలు కనిపిస్తాయా అవి?" అంది మా ఆవిడ.

కళ్ళజోడు పెట్టుకుంటే కనిపిస్తున్నాయి.