ఆలోచన తరువాతనే ఇస్తిఖారా

గత నెలలో ఒక సాయంత్రం, అస్ర్ నమాజు తరువాత, ఒకప్పుడు నా దగ్గర ఖుర్‌ఆన్ పారాయణం నేర్చుకున్న యువకుడు భార్యతో కలిసి మద్రసాకు వచ్చాడు. ఆటో నడుపుకునే శ్రమజీవి. పాతబస్తీ శివారులో ఒక చెరువు దగ్గర వంద గజాల స్థలం చవకగా వస్తున్నదనీ, భార్య నగలు అమ్మి కొనదలచాననీ, పదివేలు బయానా కూడా ఇచ్చాననీ చెప్పాడు. "మౌలానా సాబ్, మీరు ఇస్తిఖారా చేసి మంచిదో కాదో చెప్పండి" అని కోరాడు.

"బేటా, కాగితాలు చూశావా?" అని అడిగాను. నోటరీ కాగితం ఉన్నదన్నాడు. "వర్షం పడితే నీళ్లు ఎటు పోతాయి?" అంటే మాట్లాడలేదు. అప్పుడు అతని భార్య నెమ్మదిగా అన్నది: "అక్కడ తుంగ మొలిచి ఉన్నదండీ. మా ఊళ్లో నీళ్లు నిలిచే నేలలోనే తుంగ మొలుస్తుంది. చెబితే ఈయన వినలేదు."

ప్రియ పాఠకులారా! నేను ఆ ప్రశ్నలు అడగడానికి కారణమున్నది. చాలా ఏళ్ల క్రితం మరొక సోదరుడు ఇటువంటి స్థలం గురించే నా దగ్గరకు వచ్చాడు. నేను ఏమీ విచారించలేదు. అల్లాహ్‌పై భారం వేయమని చెప్పి, దుఆ చేసి పంపించాను. 2020 అక్టోబరు వర్షాలకు హాఫిజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ వంటి బస్తీలు నీట మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లోనే ఆ సోదరుని ఇంట్లోకి నడుము లోతు నీరు చేరింది. పిల్లల పుస్తకాలు, కుట్టుమిషను, కూతురి పెళ్లికని దాచిన బట్టలు అన్నీ పాడైపోయాయి. అతను నన్ను ఒక్క మాట అనలేదు. "ఖిస్మత్" అని ఊరుకున్నాడు. ఆ మాట నేటికీ నన్ను బాధిస్తూనే ఉన్నది. ఖిస్మత్ అనేముందు మేమిద్దరం మా బుద్ధిని ఉపయోగించి ఉండవలసింది.

బఖరా సూరా 269వ ఆయతులో అల్లాహ్ వివేకాన్ని గొప్ప మేలుగా పేర్కొన్నాడు. ఆ మేలును వాడకుండా పక్కన పెట్టడం తవక్కుల్ కాదు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళుతూ సర్గ్ అనే చోటికి చేరినప్పుడు, సిరియాలో ప్లేగు ప్రబలిందన్న వార్త అందింది. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను వేర్వేరుగా సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. దైవ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, ఒక దైవ నిర్ణయం నుండి మరొక దైవ నిర్ణయం వైపుకే పోతున్నామని సమాధానమిచ్చి, ఒక లోయను ఉపమానంగా చెప్పారు. లోయకు ఒకవైపు పచ్చిక, మరొకవైపు బీడు. ఒంటెలను ఎటు మేపినా అది దైవ నిర్ణయమే. అయినా ఏ వైపు మేపాలో కాపరి కళ్లు తెరిచి చూసుకోవలసిందే.

ఇస్తిఖారా విషయమూ ఇంతే. దైవప్రవక్త (స) ఖుర్‌ఆన్ సూరాను నేర్పినట్లే దానిని తమ సహచరులకు నేర్పారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. ఒక పనిని సంకల్పించినవారు తామే రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి వేడుకోవలసిన దుఆ అది. మౌలానా చేత చెప్పించుకునే జోస్యం కాదు. కల రావాలన్న నియమమూ లేదు. సంకల్పానికి ముందు విచారణ, సంప్రదింపు ఉండాలి.

నీటి విషయంలో మన నగరానికి ఈ పాఠం కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన ఉన్న 788 చెరువులలో 221 తెగిపోయాయని ఆయన పరిశీలనలో తేలింది. ఆయన సూచన మేరకు నిర్మించిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ చింతచెట్టు అల్లాహ్ కారుణ్యం. జలాశయాన్ని ఆలోచించి కట్టగల బుద్ధి కూడా ఆయన కారుణ్యమే.

కనుక స్థలం కొనేముందు పాత దస్తావేజులు చూడండి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీయించండి. అది చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ హద్దుల్లో ఉన్నదేమో తెలుసుకోండి. 2020లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇరుగుపొరుగును అడగండి. ఇంట్లో ఇల్లాలి మాట వినండి. హుదైబియా నాడు దైవప్రవక్త (స) అంతటివారు హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సలహాను స్వీకరించి ఆచరించారు.

వారం తరువాత ఆ దంపతులు మళ్లీ వచ్చారు. ఆ వీధివారు తమ గోడలపై నీటి మరకలు చూపించారట. స్థలం కొనలేదు. బయానా తిరిగి రాలేదు. ఇంకా కిరాయి గదిలోనే ఉంటున్నారు. నగలు మాత్రం ఆమె దగ్గరే ఉన్నాయి. "మరి ఇస్తిఖారా?" అని అతను అడిగాడు. "మరో స్థలం చూసి, అన్నీ విచారించిన రోజున ఇద్దరూ చేయండి. నేను ఆమీన్ అంటాను" అన్నాను.

అల్లాహ్ మనకు వివేకాన్నీ, దానిని సకాలంలో ఉపయోగించే సద్బుద్ధినీ ప్రసాదించుగాక! ఆమీన్.