ప్రకృతి జీవితం, వికృతి జీతం

వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి కనుక ముందుగా ఒక వ్యాకరణాంశం. ‘జీవితము’ ప్రకృతి, ‘జీతము’ దాని వికృతి. ఈ జంటను ఏళ్ల తరబడి పిల్లలచేత వల్లె వేయించాను. జీతం చాలకపోతే జీవితమే వికృతమవుతుందన్న సంగతి మాత్రం ఏ పాఠంలోనూ లేదు. దానిని నాకు నెలాఖరులు నేర్పాయి.

మిత్రులారా! ఈ మధ్య ఒక హితబోధ తరచుగా చెవిన పడుతున్నది: “ఉన్నదాంట్లో సర్దుకోవడం చేతగాకనే జనం అప్పులపాలవుతున్నారు.” ఈ మాట అనేవారు సాధారణంగా సర్దుకోవలసిన అగత్యం లేనివారు. వారితోనే నా పేచీ.

మా కనిగిరి సంగతే చూడండి. ఇక్కడి భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. త్రాగే నీటిని డబ్బాలతో కొనుక్కోవడం విలాసమా? పెద్ద జబ్బు చేస్తే ఒంగోలుకో గుంటూరుకో పరుగెత్తడం దుబారానా? పిల్లవాడి చదువుకోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చినవాడు నెలకు 2,000, ఏడాదికి 24,000 రూపాయలు కడతాడు. అసలు అసలుగానే ఉంటుంది. పూట కాఫీ మానుకుంటే తీరే లెక్క కాదిది. పొదుపు మంచి గుణమే, కాదనను. కానీ మిగిలినప్పుడు కదా దాచడం!

ఇక రెండవ భ్రమ, నెలజీతమే కలిమి అనుకోవడం. “మీకేమి అయ్యవారూ! వాన కురిసినా కురవకున్నా మీకు ఒకటో తేదీ వస్తుంది” అనేవారు మిరప వేసిన రైతులు. నిజమే, వచ్చేది. దాని వెంటనే కిరాణా పద్దు, పాల పద్దు, చీటీ వాయిదా, చేబదుళ్లు కూడా వరుసకట్టి వచ్చేవి. ఐదో తేదీకి నా జేబుకూ వారి జేబుకూ భేదం ఉండేది కాదు. ఉన్న భేదమల్లా నాకు సులువుగా అప్పు పుట్టడమే. అప్పు పుట్టడాన్నే మనం సంపద అని పొరబడుతున్నాం.

ఈ పొరపాటు 2020లో బయటపడింది. కరోనా కాలాన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ మార్చి నెల జీతాలలో, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేసింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బకాయిలకు ఆరు శాతం వడ్డీ ఇమ్మని 2021 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. సంతోషమే! కానీ ఆ నెల గడవడానికి మా ఊరి వడ్డీకి అప్పు తెచ్చుకున్నవానికి పడేది ఏడాదికి ఇరవై నాలుగు శాతం. కలిగినవారిగా లోకం ఎంచే ఇళ్లే ఒక్క నెల కొరతకు తడబడితే, అసలు జీతమే లేని ఇంటి మాటేమిటి?

మిరపకాయల కోతకు వెళ్లే ఒక అమ్మ నాతో అన్నది: “మాకు నెలాఖరెక్కడిది అయ్యవారూ? ప్రతి రాత్రీ నెలాఖరే.” ఆమెకు పొదుపు బోధించగల నోరు ఎవరికున్నది?

కనుక ఎదుటివాని క్షేమం తెలియగోరితే “జీతమెంత?” అని అడగకండి. “జీతం ఆగితే ఇల్లు ఎన్ని నెలలు నిలుస్తుంది?” అని అడగండి. ముందుగా ఎవరికి వారే వేసుకోవలసిన ప్రశ్న ఇది. నా సర్వీసు పొడుగునా నా జవాబు ఒక నెల దాటలేదు. మీ జవాబేమిటో నిస్సంకోచంగా వ్రాయండి.