పిల్లవాడు కట్టిన ఊరు



కండ్లకోయలోని మా సంఘపు సహోదరి ఒకామె, బుధవారము ప్రార్థన కూటము ముగిసిన తరువాత అందరూ వెళ్ళేవరకు ఆగి మా యొద్దకు వచ్చినది. "అయ్యగారూ, పిలగాడు రెండు దినాల సంది సక్కగ అన్నం తింటలేడు. ఎవ్వలతోని మాట్లాడుతలేడు. జర ప్రార్థన చేయుండ్రి" అన్నది. జ్వరమా అని అడిగినాము. కాదన్నది. బడిలో ఎవరైనా కొట్టినారా అని అడిగినాము. అదీ కాదట. చివరకు, "ఊరు కాలిపోయిందట అయ్యగారూ" అన్నది. ఏ ఊరమ్మా అని మేము కంగారుపడితిమి. "ఫోన్ల ఊరు" అన్నది.

మేము నవ్వినాము. ఆ నవ్వును గూర్చియే ఈ నెల వ్రాయవలసి వచ్చినది.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకొనవలెను. అంతకు మూడు ఆదివారములు ముందు మేము ప్రసంగములో ఫోను ఆటలను గట్టిగా ఖండించియుంటిమి. పేరు చెప్పలేదు గాని, మూడవ వరుసలో కూర్చున్న ఈ అబ్బాయి వైపే చూచి చెప్పినాము. సంఘమంతా తల తిప్పి వానిని చూచినది. మరుసటి ఆదివారము నుండి వాడు సండే స్కూలుకు రాలేదు. పరీక్షలు కాబోలు అనుకొంటిమి. మనకు అనుకూలమైనదే మనము అనుకొందుము గదా.

మరునాడు వారి ఇంటికి వెళ్ళినాము. తండ్రి మేస్త్రీ. ఔటర్ రింగు రోడ్డు వచ్చి మన కండ్లకోయ యొద్ద నాగపూరు హైవేను కలిసిన తరువాత ఈ చుట్టుప్రక్కల లేచిన ఇండ్లలో ఆయన చేతి గోడలు చాలా ఉన్నవి. ఆయన కోపముగా ఉండెను. "లేని ఊరు కాలితే ఏడ్పేంది అయ్యగారూ? మా నాయిన భూమి ప్లాట్లయిననాడు గూడ నేను గిట్ల ఏడ్వలే" అన్నాడు. ఆ మాట అని కొంచెము సేపు మౌనముగా ఉండిపోయినాడు.

అబ్బాయి తొమ్మిదవ తరగతి. మంచము మీద గోడ వైపు తిరిగి పండుకొనియుండెను. ఏమి కట్టినావో మాకు చూపించు బిడ్డా అంటే చాలాసేపు లేవలేదు. తరువాత లేచి ఫోను తెచ్చినాడు.

ఆ ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్ దానిని 2009లో మొదలుపెట్టెను. 2014లో మైక్రోసాఫ్ట్ వారు ఆ కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొనిరి. 2023 నాటికి 30 కోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయినదని ప్రకటించిరి. ఇటువంటి వాటిని శాండ్‌బాక్స్ ఆటలు అందురు, అనగా ఇసుక పెట్టె. ఇల్లు కట్టే చోట పోసిన ఇసుకలో మనము చిన్నప్పుడు పాదము పెట్టి, పైన తడి ఇసుక అద్ది, మెల్లగా కాలు తీసి పిచ్చుక గూళ్ళు కట్టలేదా? అదే ఇది. గెలుచుట, ఓడుట అనునది ముఖ్యము కాదు. చెట్టు నరికి పలకలు చేయవలెను, పలకలతో పనిముట్లు చేయవలెను, రాయి త్రవ్వవలెను, చీకటి పడకముందే ఒక గుడిసె వేసికొనవలెను. అక్కడ ఒక దినము మన ఇరువది నిమిషములే. రాత్రి అయితే దయ్యముల వంటివి వచ్చును. ఆడువాని బొమ్మ చనిపోతే, వాడు మోసికొని తిరిగిన సామానంతా చనిపోయిన చోటనే పడిపోవును. మరల నడిచి వెళ్ళి ఏరుకొనవలెను. కష్టపడిన కొలది అనుభవము అని ఒక లెక్క పెరుగును.

ఊరిలో బొమ్మ మనుష్యులు కూడా ఉందురు. మంచములు వేసి, తిండి సమకూర్చితే సంసారములు పెరుగును. వారి ముందర ఏ పనిముట్టు పెట్టితే ఆ వృత్తి నేర్చుకొందురు. ఒకడు రైతగును, ఒకడు పుస్తకములవాడగును, ఒకడు పూజారి వంటివాడగును. ఊరికి ఇనుప కాపలాదారుడు ఒకడు ఉండును. ఎవరినైనా కొట్టితే ఆ కొట్టినవానికి సరుకుల ధర పెరుగును. గంట మోగితే అందరూ ఇండ్లలోనికి పరుగెత్తుదురట. (మన సంఘములలో కూడ గంట మోగితే ఇంటిలోనే ఉండువారు కొందరున్నారని మేము అంటే, అబ్బాయి మొదటిసారి కొంచెము నవ్వినాడు.)

పదకొండు నెలలు కట్టినాడట. ముప్పది నాలుగు ఇండ్లు. మధ్యలో బొడ్రాయి. నాయనమ్మ చెప్పగా విన్న పాత బావి, దాని ప్రక్కన చింతచెట్టు. ఆ చెట్టు ఇప్పుడు లేదు, వీడు దానిని చూడలేదు. మేము ఫోను తీసికొని చూచినప్పుడు అక్కడ పెద్ద పెద్ద గుంటలు, సగము గోడలు, ఇంకా మండుచున్న కప్పులు కనబడినవి. దసరా సెలవులకు వచ్చిన పెద్దమ్మ కొడుకు, ఇద్దరూ ఒకే హాట్‌స్పాట్ మీద ఆడుచుండగా, ఏదో చిన్న మాటకు పంతము పట్టి ఊరంతా మందుగుండు దిమ్మెలు పేర్చి అంటించినాడట.

"వాడు కాలపెట్టుకుంట నవ్విండు అయ్యగారూ" అన్నాడు అబ్బాయి.

మాకు అప్పుడు నెహెమ్యా జ్ఞాపకము వచ్చెను. ఆ గ్రంథము మీద మేము ఎన్ని ప్రసంగములు చేసియుందుమో లెక్కలేదు. ఆయన షూషను కోటలో రాజునకు గిన్నె అందించు పనిలో, తిండికి కొదువ లేక ఉన్నవాడు. యెరూషలేము ప్రాకారము కూలినదనియు గుమ్మములు కాలినవనియు ఎవరో చెప్పగా విని, కూర్చుండి ఏడ్చి, కొన్ని దినములు ఉపవాసముండెను. తాను కాపురముండని ఊరి కొరకు, కంటితో చూడని మంటల కొరకు ఏడ్చినాడు. ఆయన కన్నీటిని గూర్చి పుల్పిట్ మీద గొంతు వణికించి చెప్పిన మేము, ఒక తల్లి వచ్చి మా వాని ఊరు కాలినదని చెప్పితే నవ్వితిమి. రెండును ఒకటే అని మేము అనుట లేదు. యెరూషలేము దేవుని పట్టణము, ఇది ఫోనులోని బొమ్మ. అయినను పదకొండు నెలల చేతిపని కళ్ళ ఎదుట పోయినప్పుడు వచ్చు దుఃఖము బొమ్మ దుఃఖము కాదు.

నార్వే దేశములో మాట్స్ స్టీన్ అను యౌవనస్థుడుండెను. కండరములు క్షీణించు వ్యాధితో చక్రాల కుర్చీకి పరిమితమై, 2014లో 25 సంవత్సరముల వయసులో మరణించెను. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆటలో ఇబెలిన్ అను పేరుతో ఒక పాత్రను సంవత్సరముల తరబడి పెంచుకొని, వేలాది గంటలు దానిలో గడిపెను. కుమారుడు స్నేహితులు లేక ఒంటరిగా బ్రదికినాడని తలిదండ్రులు లోలోపల కుమిలిపోయిరి. మరణవార్తను తండ్రి కుమారుని బ్లాగులో పెట్టగా, ఎన్నడును వినని మనుష్యుల యొద్దనుండి ఉత్తరములు వచ్చి పడినవి. మీ కుమారుడు మా కష్టములో మాతో మాట్లాడినాడు, మమ్మును ఆదుకొన్నాడు అని వారు వ్రాసిరి. కొందరు వేరే దేశముల నుండి భూస్థాపనకు వచ్చిరి. 2024లో ఈ సంగతి మీద సినిమా కూడ వచ్చినది. ఆ ఇంటిలో ఇరవై ఐదు సంవత్సరములు ఒకే కప్పు క్రింద ఉన్న తలిదండ్రులకు తెలియనిది, దూరదేశపువారికి తెలిసినది. దీనిని మేము చదివిన రాత్రి మా స్వంత పిల్లలు ఫోనులో ఏమి చేయుచున్నారో మేమెన్నడైనా అడిగితిమా అని ఆలోచించితిమి. తీసివేయుమని చెప్పితిమి గాని, అడుగలేదు.

అట్లని ఫోనును పిల్లల చేతిలో పెట్టి మరచిపొమ్మని మేము చెప్పుట లేదు. డబ్బు పెట్టి ఆడే ఆటలు వేరు. అవి జూదమే. మన రాష్ట్రములో 2017లోనే ఆన్‌లైన్ పందెములను నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడ డబ్బు ఆటలను నిషేధించు చట్టము చేసినది. ఆ పేరుతో ఏ యాప్ వచ్చినను పారద్రోలుడి. కట్టుకొనే ఆటలలో కూడ బట్టలని, ఆభరణములని చిన్న చిన్న కొనుగోళ్ళుండును. తల్లి ఫోనులోని ఖాతా దానికి కలిసియుంటే జీతము ఎటుపోయినదో తెలియదు. ముఖమెరుగనివారు పిల్లలతో మాటలు కలుపు ఆటలున్నవి. రోబ్లాక్స్ వంటి వాటిలో ఇది పెద్ద సమస్య అయినది. ఎవరితో ఆడుచున్నాడో తండ్రికి తెలిసియుండవలెను. తెలిసిన బంధువులతో ఆడితేనే ఊరు కాలిన సంగతి పైన వ్రాసితిమి, తెలియనివారి సంగతి చెప్పనేల?

ఇంకొకటి. ఆటను మానుకొనలేకపోవుట, దాని కొరకు బడి, తిండి, నిద్ర, మనుష్యులు అన్నిటిని వెనుకకు నెట్టుట, హాని కనబడినను ఆపలేకపోవుట, ఇవి సంవత్సరము వరకు సాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వ్యాధిగా లెక్కించుచున్నది. బెంగుళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో 2014 నుండి దీనికొక క్లినిక్కే ఉన్నది. అటువంటి బిడ్డకు ప్రార్థనతో పాటు వైద్యము కావలెను. టెలి మానస్ 14416 నంబరుకు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును. దయ్యము పట్టినదని ఎవరి యొద్దకో తీసికొనిపోవద్దు. ఈ మాట మా తోటి సేవకులకు కూడ చెప్పుచున్నాము.

మరల అబ్బాయి సంగతికి వచ్చెదము. ఆ ఆటలో రాత్రి దయ్యములు కరచితే ఊరివాడు కూడ దయ్యమగునట. వానిని చంపవచ్చును. లేదా ఒక మందు చల్లి, బంగారు ఆపిలు పండు తినిపించి కాచుకొనియుంటే కొన్ని నిమిషములకు మరల మనిషి అగును. అట్లు బాగుచేసినవానికి ఆ ఊరిలో సరుకులు చౌక. వాడే ఇది మాకు చెప్పి, "మరి మా అన్నను ఎట్ల మాఫ్ చేయాలె అయ్యగారూ? వాడు నవ్విండు" అని అడిగినాడు.

వాక్యములు చాలా నోటికి వచ్చినవి. ఏదియు చెప్పలేదు. "మేము కూడ నవ్వినాము బిడ్డా. మీ అమ్మ చెప్పిననాడు నవ్వినాము. అంతకు ముందు సంఘములో నీ వైపు చూచి మాట్లాడినాము. ముందు మమ్మును క్షమించు, తరువాత మీ అన్న సంగతి చూచుకొందము" అన్నాము. వాడు ఏమియు అనలేదు. తండ్రి మాత్రము, "అట్లనకుండ్రి అయ్యగారూ, మీరు పెద్దోళ్ళు" అని అడ్డు వచ్చినాడు. మరుసటి ఆదివారము ప్రకటనల వేళ ఆ మాటనే సంఘము ఎదుట చెప్పినాము. అది మాకు సులువు కాలేదు. కొందరు పెద్దలకు నచ్చలేదు కూడ.

పెద్దమ్మ కొడుకు తూప్రాన్‌లో ఉండును. వాడు వారము తరువాత ఫోను చేసి, ఏమియు క్షమాపణ చెప్పక, "రాళ్ళు తవ్వి పెట్టాల్నా?" అని అడిగినాడట. పిల్లలకు ఆ భాష చాలును.

అప్పుడే ఇంటిలో ఒక క్రొత్త ఆలోచన పుట్టినది. ఊరు మరల కట్టేటప్పుడు మధ్యలో మెదకు చర్చి కట్టవలెనని. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు 1914లో పునాది వేయించి, కరవు కాలములో ఆకలిగొన్న ప్రజలకు పని ఇచ్చి అన్నము పెట్టుచు కట్టించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మందిరమది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురము సుమారు 175. ఆటలో ఒక దిమ్మె ఒక మీటరుకు సమానము. లెక్క కుదరక అబ్బాయి తండ్రిని అడిగినాడు. మేస్త్రీ గారు సిమెంటు చేతులు కడుగుకొని వచ్చి లెక్క వేసినాడు. పొడవు 61 దిమ్మెలు, వెడల్పు 30, గోపురము 53.

ఐక్యరాజ్య సమితి వారు 2012 నుండి ఇదే ఆటతో బీదల బస్తీలలో మైదానములు, వీధులు ఎట్లుండవలెనో అక్కడి జనము చేతనే గీయించుచున్నారు. నైరోబీలో, నేపాలులోని కీర్తిపూరులో అట్లు చేసిరి. ఆ సంగతి చెప్పితే మేస్త్రీ గారికి పట్టలేదు. ఆయనకు పట్టినది వేరు. ఆ ఆటలో రాతి దిమ్మె క్రింద ఆధారము లేకున్నను గాలిలో నిలుచును. ఇసుక, కంకర మాత్రమే క్రింద పడును. "ఇసుక పడ్తది గని రాయి పడదా? ఎవడు చేసిండురా దీన్ని?" అని ఆయన నవ్వినాడు. తరువాత ఫోను దగ్గరకు తీసికొని, తలుపు మీది భాగము చూచి, "ఇది నిలవది. కమాను పెట్టు" అన్నాడు.

"ఇండ్ల పడది నాయినా."

"పడకున్నా తప్పే. మెదకుల కమానున్నది. పెట్టు."

మొన్న మేము వెళ్ళునప్పటికి గోపురము 31 దిమ్మెల వరకు లేచినది. తూప్రాన్ అబ్బాయి రాళ్ళు తెచ్చి పోయుచున్నాడు. రాత్రి తొమ్మిది కాగానే ఫోను తల్లి యొద్దకు పోవును, అది ఆ ఇంటి క్రొత్త నియమము. ఇంక 22 దిమ్మెలున్నవి. గంట ఎక్కడ కట్టవలెనో మమ్మును అడిగినారు.